పోటు లేని గుండెపోటు

రోగాలకు భాష పెట్టే పేర్లు మన ఆలోచనమీద ఎంతటి అధికారం చెలాయిస్తాయో అనువాద వృత్తిలో ఉన్నవారికి పదేపదే అనుభవంలోకి వస్తూ ఉంటుంది. ఇంగ్లీషులోని 'హార్ట్ ఎటాక్' అన్న మాటకు తెలుగులో మనం సాధారణంగా వాడే మాట 'గుండెపోటు'. అచ్చమైన తెలుగు మాట. పండితుడికీ పామరుడికీ ఒకేలా అర్థమయ్యే మాట. 'పొడుచు' అన్న క్రియకు చుట్టమైన 'పోటు'కు పొడవటం అనీ, పొడిచినట్టుండే నొప్పి అనీ అర్థాలు. కత్తిపోటు, తలపోటు, పంటిపోటు మన నిత్యవ్యవహారంలో ఉన్నవే. కాబట్టి గుండెపోటు అనగానే ఛాతీని చేత్తో అదిమిపట్టుకుని, మాట రాక, కుర్చీలో ఒరిగిపోయే మనిషి మన కళ్ళముందు నిలుస్తాడు. నాటకాలూ, సినిమాలూ ఆ చిత్రాన్ని మన మనసుల్లో మరింత గాఢంగా ముద్రించాయి.

పొరుగు భాషలవారు ఇదే వ్యాధిని చూసిన తీరు కొంత వేరు. తమిళులు దీన్ని 'మారడైప్పు' అంటారు. ఛాతీలో ఏర్పడిన అడ్డు అని దాని భావం. హిందీలో 'దిల్ కా దౌరా' అంటారు. ఉన్నట్టుండి విరుచుకుపడే వ్యాధి విజృంభణకు 'దౌరా' అని పేరు. కన్నడిగులకు ఇది 'హృదయాఘాత', అంటే గుండెకు తగిలిన దెబ్బ. ఈ మూడింటిలోనూ నొప్పి ప్రసక్తి సూటిగా లేదు. మన మాటలో మాత్రం నొప్పి పేరులోనే కూర్చుని ఉంది.

పేరు ఎలా ఉంటే ఏమిటని పాఠకులు అడగవచ్చు. చాలామంది విషయంలో ఏమీ లేదు. వారికి వచ్చే గుండెపోటు ఆ పేరుకు తగ్గట్టే వస్తుంది. కాని ఏళ్ళ తరబడి మధుమేహంతో కాపురం చేస్తున్నవారిలో కొందరికి వచ్చే గుండెపోటులో పోటు ఉండదు. గుండె కండరంలో ఒక భాగం రక్తం అందక చచ్చిపోతూ ఉంటుంది. మనిషి మాత్రం 'కాస్త నలతగా ఉంది' అనుకుంటూ మంచంమీద వాలుతాడు. నొప్పి లేదు గనుక గుండెపోటు కాదని రోగీ, ఇంటివారూ, ఒక్కొక్కప్పుడు వైద్యుడూ నిశ్చయించుకుంటారు. ఆ నిశ్చింతలో గడిచిపోయే గంటలు తిరిగి రావు.

వైద్యశాస్త్రం తెలుసుకున్న వైనం

1768లో లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సభలో విలియం హెబర్డెన్ అనే వైద్యుడు ఒక వ్యాసం చదివాడు. 1772లో అది అచ్చయింది. నడుస్తున్నప్పుడు, ముఖ్యంగా ఎత్తు ఎక్కుతున్నప్పుడు, భోజనమైన వెంటనే నడిచినప్పుడు ఛాతీలో పుట్టి, నిలబడిపోగానే మాయమయ్యే ఒక బాధను ఆయన అందులో వర్ణించి, దానికి 'ఆంజైనా పెక్టోరిస్' అని నామకరణం చేశాడు. నులిమివేయటం, ఉక్కిరిబిక్కిరి చేయటం అనే అర్థాలున్న ప్రాచీన పదంనుంచి 'ఆంజైనా' వచ్చింది. రోగులు చెప్పుకున్న బాధలో బిగింపునూ, దానితోబాటు వచ్చే భయాందోళననూ దృష్టిలో పెట్టుకునే ఆయన ఆ పేరును ఎంచుకున్నాడు. గుండెజబ్బు బాధ సూదితో గుచ్చినట్టే ఉండాలన్న నియమం లేదని, బిగింపుగానో, బరువుగానో కూడా ఉండవచ్చునని రెండున్నర శతాబ్దాల కిందటి ఆ పేరే చెబుతున్నది.

గుండెకు రక్తాన్ని అందించే ధమని హఠాత్తుగా పూడుకుపోతే మరణం తప్పదని చాలాకాలం నమ్మకం ఉండేది. 1912లో అమెరికా వైద్యుడు జేమ్స్ హెరిక్ ఆ నమ్మకం సరికాదనీ, అటువంటి రోగి బతికి బట్టకట్టవచ్చుననీ నిరూపించాడు. ఇంతలో హాలెండు శాస్త్రజ్ఞుడు విలెం ఐంథోవెన్ గుండెలోని విద్యుత్ ప్రవాహాన్ని గీతలుగా చూపే యంత్రాన్ని వైద్యలోకానికి అందించాడు. ఆ కృషికి 1924లో ఆయనకు నోబెల్ బహుమానం లభించింది. మనం ఇ.సి.జి. అని పిలుచుకునే పరీక్ష ఆ యంత్రం పెట్టిన భిక్షే. దానితో ఒక విచిత్రం బయటపడింది. ఎన్నడూ గుండెనొప్పి ఎరుగనని ప్రమాణం చేసి చెప్పగల మనుషుల ఇ.సి.జి. కాగితాలమీద, ఎప్పుడో వచ్చి మానిపోయిన గుండెపోటు ఆనవాళ్ళు కనిపించసాగాయి.

ఇవి ఏ ఒకరిద్దరి ముచ్చటో కాదని తేల్చినది ఫ్రామింగ్‌హామ్ పరిశోధన. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉన్న ఈ పట్టణంలో 1948లో 5,209 మంది స్త్రీపురుషులను ఎంచుకుని, వారిని ఏళ్ళ తరబడి క్రమం తప్పక పరీక్షిస్తూ వచ్చారు. ముప్పై ఏళ్ళ కాలంలో వారిలో వచ్చిన 708 గుండెపోట్లను గురించి 1984లో ఒక నివేదిక వెలువడింది. వాటిలో నాలుగోవంతుకు పైగా, మామూలుగా తీసే ఇ.సి.జి.లో మాత్రమే బయటపడ్డవి! వచ్చినప్పుడు ఎవరూ గుర్తించలేదు. అలా గుర్తింపు లేకుండా పోయినవాటిలో దాదాపు సగం ఏ బాధా కలిగించని నిశ్శబ్దపు పోట్లు. మిగిలిన సగంలో బాధ ఉన్నది. కాని అది గుండెదని ఎవరికీ తోచలేదు. ఇటువంటి పోట్లు వచ్చినవారి భవిష్యత్తు, నొప్పితో వచ్చినవారి భవిష్యత్తుకంటే మెరుగేమీ కాదని కూడా ఆ పరిశోధకులు గమనించారు. శబ్దం లేనంతమాత్రాన అది చిన్న దెబ్బ అనుకోవటానికి వీలులేదన్నమాట.

నాడులు మూగబోయిన వేళ

మధుమేహానికీ ఈ నిశ్శబ్దానికీ సంబంధం ఏమిటి?

గుండెకు రక్తం చాలనప్పుడు అక్కడి కండరంలో కొన్ని రసాయనాలు పేరుకుంటాయి. అవి సన్నని నాడీతంతువుల కొసలను ప్రేరేపిస్తాయి. ఆ సంకేతం గుండెనుంచి బయలుదేరి, వెన్నుపాములో మెడకు దిగువనున్న భాగాలను చేరి, అక్కడినుంచి మెదడుకు పోతుంది. ఎడమ చేయి, భుజం, ఛాతీలనుంచి వచ్చే సంకేతాలు కూడా వెన్నుపాములో అవే భాగాలకు చేరుతాయి గనుకనే, గుండెలో పుట్టిన బాధ చేతికో, భుజానికో పాకినట్టు మనకు తోస్తుంది. ఈ ఏర్పాటంతా ఒక తంతివార్త వంటిది. వార్త చేరాలంటే తీగ తెగిపోకుండా ఉండాలి.

రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే తెగేది ఆ తీగలే. అధిక చక్కెర నాడీకణాల రసాయన వ్యవహారాన్ని తారుమారు చేస్తుంది. నాడులకు ఆహారం అందించే అతిసూక్ష్మ రక్తనాళాలనూ పాడుచేస్తుంది. సాధారణంగా పొడవైన నాడులు ముందుగా దెబ్బతింటాయి. మధుమేహ రోగి కాలి చెప్పు జారిపోయినా ఎరగకపోవటం, ముల్లు గుచ్చుకున్నా రక్తం చూసేదాకా తెలియకపోవటం మనం వింటున్నదే. పాదంలో జరిగినదే, మన ఇచ్ఛతో నిమిత్తం లేకుండా పనిచేసే స్వయంచాలక నాడీమండలంలోనూ జరుగుతుంది. ఆ మండలంలోని పొడవైన నాడి మెదడు అడుగునుంచి గుండెనూ, జీర్ణాశయాన్నీ తాకుతూ పోయే వేగస్ నాడి. గుండె వేగానికి కళ్ళెం వేసే ఆ నాడి ముందు బలహీనపడుతుంది. విశ్రాంతిగా ఉన్నప్పుడు కూడా గుండె వేగంగా కొట్టుకోవటం దానికి గుర్తు. తరువాత నొప్పి వార్తను మోసుకుపోయే తంతువులు కూడా క్షీణిస్తాయి. 1977లో అర్జెంటీనా వైద్యుడు ఫేర్మన్, ఆయన సహచరులు, నొప్పి లేని గుండెపోటుతో మరణించిన కొందరు మధుమేహ రోగుల గుండెలను సూక్ష్మదర్శినికింద పరీక్షించి, అక్కడి నాడీతంతువులు చెడిపోయి ఉండటం కళ్ళారా చూసి ప్రకటించారు.

పాదానికి తగిలిన దెబ్బ కంటికి కనబడుతుంది. గుండెకు తగిలిన దెబ్బ కనబడదు. తేడా అంతే, కాని ఆ తేడా చాలా పెద్దది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మధుమేహం ఉన్నవారందరికీ గుండెపోటు నిశ్శబ్దంగానే వస్తుందని అనుకోరాదు. వారిలో కూడా ఎక్కువమందికి ఛాతీలో నొప్పో, బిగింపో, బరువో తెలుస్తూనే ఉంటుంది. అన్ని పరిశోధనలూ ఒకే స్థాయిలో తేడాను చూపలేదు కూడా. వయసు మీరినవారిలో, స్త్రీలలో మధుమేహం లేకపోయినా నొప్పి లేని పోట్లు హెచ్చే. వృద్ధాప్యం, స్త్రీత్వం, మధుమేహం మూడూ ఒకచోట కలిసినప్పుడు ఇంటివారు రెట్టింపు మెలకువతో ఉండవలసి ఉంటుంది.

ఇంట్లో అది కనబడే తీరు

ఒక ఇంటిని ఊహించుకోండి. ఇటువంటి ఇల్లు మనలో ప్రతి ఒక్కరికీ తెలిసినదే. ఇల్లాలికి అరవై దాటాయి. పద్దెనిమిదేళ్ళుగా షుగరు ఉన్నది. తెల్లవారుజామున పాలు కాచటానికి లేచిన మనిషి పొయ్యి దగ్గరే పీట వాల్చుకుని కూర్చుండిపోయింది. ఒళ్ళంతా చెమట.

"ఏమైంది అత్తయ్యా?" అంటుంది కోడలు.

"ఏం లేదమ్మా. రాత్రి తిన్న వంకాయకూర పడినట్టు లేదు. కడుపులో వికారంగా ఉంది."

కొడుకు వస్తాడు. వాడికి గుండెజబ్బుల గురించి కొంత తెలుసు. అందుకనే అడగవలసిన ప్రశ్న అడుగుతాడు: "ఛాతీలో నొప్పేమైనా ఉందా అమ్మా?"

"నొప్పేం లేదురా. కాస్త నిస్సత్తువ, అంతే. నువ్వు ఆఫీసుకు వెళ్ళు."

దానితో సంభాషణ ముగిసిపోతుంది. జీలకర్ర నీళ్ళో, సోడాయో, గ్యాసు మాత్రో ఇస్తారు. మధ్యాహ్నానికి ఆవిడ పడకగదినుంచి వసారాలోకి నడవటానికి ఆయాసపడుతుంది. సాయంత్రానికి వెల్లకిలా పడుకోలేక దిండ్లు ఎత్తుపెట్టుకుంటుంది. రాత్రికి ఆస్పత్రిలో తీసిన ఇ.సి.జి. కాగితాన్ని చూసి వైద్యుడు, 'తెల్లవారుజామున మొదలైనట్టుంది' అంటాడు.

ఇందులో తప్పు ఎవరిది? ఎవరిదీ కాదు. కొడుకు ప్రేమతోనే అడిగాడు; తల్లి నిజమే చెప్పింది. తప్పల్లా ఆ ఒక్క ప్రశ్నకు 'లేదు' అని జవాబు రాగానే మిగతా ప్రశ్నలన్నీ అనవసరమనుకోవటంలో ఉన్నది. నొప్పి గురించి ఒక్కసారి అడిగి ఊరుకోకుండా, బరువుగా ఉందా, పట్టేసినట్టుందా, మంటగా ఉందా, మెడలోగాని దవడలోగాని లాగుతున్నదా అని అడిగితే, 'నొప్పి లేదు' అన్నవారే 'అవును, అదేదో పట్టేసినట్టుంది' అని చెప్పటం కద్దు.

మధుమేహ రోగి విషయంలో గుండెపోటును అనుమానించవలసిన గుర్తులు ఇవి: చేసిన పనికి పొంతన లేని ఆయాసం, హఠాత్తుగా కమ్ముకువచ్చే నిస్సత్తువ, కారణం లేని చల్లని చెమటలు, వికారం, వాంతి, పైకడుపులో మంట, బిగింపు, తల తిరగటం, సొమ్మసిల్లటం, దవడ, మెడ, భుజాలు, రెండు రెక్కల నడుమ వీపు, వీటిలో ఎక్కడైనా కొత్తగా పుట్టిన లాగుడు, గుండె దడ, వృద్ధులలో మాట తడబడి, మనుషులను పోల్చుకోలేని అయోమయం. మందులు సక్రమంగా వేసుకుంటున్నా రక్తంలో చక్కెర అంతుపట్టకుండా పెరిగిపోవటానికి కూడా ఒక్కొక్కప్పుడు మూలకారణం గుండెపోటే అవుతుంది. గుండె దెబ్బతిన్నప్పుడు శరీరం విడుదల చేసే హార్మోనులు చక్కెరను పైకి ఎగదోస్తాయి.

రెండు చెమటల మధ్య

మధుమేహ రోగుల ఇళ్ళలో మరొక చిక్కు ఉన్నది. చెమటలు పట్టి, నీరసించి, గుండె దడదడలాడితే, 'షుగరు పడిపోయింది' అని వెంటనే చక్కెర నీళ్ళు పట్టించటం అలవాటు. అలవాటు మంచిదే; చక్కెర పడిపోవటం ప్రాణాంతకమే. కాని ఆ లక్షణాలలో పెక్కు గుండెపోటువి కూడా. ఏది ఏదో పోల్చుకునేది ఎలా?

ఇంట్లో రక్తపరీక్ష చేసుకునే చిన్న యంత్రం ఉంటే మొట్టమొదట దానితో చూడాలి. చక్కెర 70 మిల్లీగ్రాములకు తక్కువగా ఉంటే, మనిషి స్పృహలో ఉండి మింగగలిగితే, మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి ఇవ్వాలి. పదిహేను నిమిషాల తరువాత మళ్ళీ పరీక్షించాలి. చక్కెర పెరిగి, లక్షణాలూ పూర్తిగా తగ్గితే ఆ పూటకు గండం గడిచినట్టే. ఆ తరువాత తీరికగా వైద్యుడికి చెప్పి మందుల మోతాదు సరిచూసుకోవాలి. పరీక్షలో చక్కెర తక్కువగా లేకపోయినా, సరిపడినంత పెరిగిన తరువాత కూడా చెమట, ఆయాసం, నీరసం వదలకపోయినా, ఇక ఇంట్లో ఎదురుచూడటానికి ఏమీ మిగలలేదు. అది గుండెకు సంబంధించినదేమోనన్న అనుమానంతో వెంటనే బయలుదేరాలి. యంత్రం లేని ఇంట్లో చక్కెర నీళ్ళు ఇచ్చి, వాహనానికి కబురు చేయటం రెండూ ఏకకాలంలో జరగాలి.

ఆలస్యానికి చెల్లించే మూల్యం

అమెరికాలోని ఆస్పత్రులలో చేరిన 4,34,877 మంది గుండెపోటు రోగుల వివరాలను క్రోడీకరించి 2000లో ఒక పరిశీలనను ప్రచురించారు. వచ్చినవారిలో 33 శాతం మందికి ఛాతీలో నొప్పి లేదు. నొప్పి లేనివారిలో మధుమేహం ఉన్నవారు 32.6 శాతం, నొప్పి ఉన్నవారిలో 25.4 శాతం. నొప్పి ఉన్నవారు సగటున 5.3 గంటలకు ఆస్పత్రి చేరగా, లేనివారు 7.9 గంటలకు చేరారు. చేరిన తరువాత కూడా వారికి న్యాయం జరగలేదు. రక్తపు గడ్డను కరిగించే మందుగాని, పూడుకున్న నాళాన్ని తెరిచే చికిత్సగాని నొప్పి ఉన్నవారిలో 74 శాతానికి అందితే, లేనివారిలో 25.3 శాతానికే అందింది. చివరికి ఆస్పత్రిలోనే మరణించినవారు మొదటి వర్గంలో 9.3 శాతం, రెండవ వర్గంలో 23.3 శాతం. నొప్పి లేనివారు వయసులో పెద్దవారన్నది నిజమే. మరణాల తేడాకు అదీ కొంత కారణం. కాని ఆలస్యమూ, అనుమానించకపోవటమూ దిద్దుకోగలిగిన కారణాలు. వయసును దిద్దలేము.

మన దేశానికి వస్తే పరిస్థితి మరింత ఆలోచింపజేస్తుంది. 2001 నుంచి 2005 వరకు 50 నగరాలలోని 89 ఆస్పత్రులలో 20,468 మంది రోగులను పరిశీలించి, 2008లో 'క్రియేట్' పేరిట నివేదిక వెలువరించారు. వారి సగటు వయసు 57.5 సంవత్సరాలు. వారిలో 30.4 శాతం మధుమేహం ఉన్నవారు. లక్షణాలు మొదలయ్యాక ఆస్పత్రికి చేరటానికి పట్టిన కాలం, మధ్యస్థంగా చూస్తే, 360 నిమిషాలు. ఆరు గంటలు! హైదరాబాదునుంచి విజయవాడకు రోడ్డుమీద వెళ్ళి, భోజనం చేసి, కునుకు తీయగలిగిన కాలం అది. రక్తం అందని గుండె కండరం లోపొరనుంచి వెలుపలి పొరకు గంటగంటకూ చచ్చిపోతూ వస్తుంది. చచ్చిన కండరం తిరిగి పుట్టదు.

ఈ ముప్పు ఎంతమంది నెత్తిమీద వేలాడుతున్నదో 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి అధ్యయనం చెప్పింది. దేశంలో మధుమేహం ఉన్నవారు 10 కోట్ల 10 లక్షలు. మధుమేహానికి గుమ్మంలో నిలబడినవారు 13 కోట్ల 60 లక్షలు. మధుమేహమూ హృద్రోగమూ ఎంతటి దగ్గరి చుట్టాలో మన మద్రాసు నగరంలోనే రుజువైంది. 2001లో ప్రకటితమైన ఒక సర్వేలో, చక్కెర మామూలుగా ఉన్నవారిలో 9.1 శాతానికి గుండె ధమనుల వ్యాధి ఉంటే, మధుమేహం ఉన్నవారిలో 21.4 శాతానికి ఉన్నట్టు తేలింది.

అందరికీ అన్ని పరీక్షలూ అవసరమా?

ఇది చదివిన మధుమేహ రోగి ఎవరైనా భయపడి, రేపే పెద్ద ఆస్పత్రికి వెళ్ళి ఖరీదైన గుండె పరీక్షలన్నీ చేయించుకోవాలనుకోవచ్చు. ఆ తొందర అక్కరలేదు. ఏ లక్షణాలూ లేని 1,123 మంది మధుమేహ రోగులను రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు గుండె రక్తప్రసారాన్ని చూపే చిత్రపరీక్షలు చేసి, రెండవ జట్టుకు చేయకుండా, దాదాపు ఐదేళ్ళు గమనించారు. పరీక్షించిన జట్టులో మొదట 22 శాతం మందిలో నిశ్శబ్దంగా ఉన్న లోపం బయటపడింది. అయినా 2009లో వెలువడిన తుది ఫలితం ప్రకారం గుండెపోటుగాని, హృద్రోగ మరణంగాని సంభవించినవారు ఒక జట్టులో 2.7 శాతం, మరొక జట్టులో 3 శాతం. చెప్పుకోదగిన తేడా లేదు. రెండు జట్లవారికీ మంచి మందులు అందుతూ ఉండటం దీనికి ఒక కారణం. లక్షణాలు లేనివారికి రక్షణ ఇచ్చేది పెద్ద యంత్రాలకంటె ప్రతిదినపు క్రమశిక్షణ అని దీని తాత్పర్యం.

నాడుల ఆరోగ్యాన్ని తెలుసుకోవటానికి మాత్రం చవుకైన మార్గాలున్నాయి. స్కాట్లండులోని ఎడింబరో నగరంలో డేవిడ్ యూయింగ్ అనే వైద్యుడు 1970లలోనూ, 1980లలోనూ రోగి మంచం పక్కనే చేయదగిన ఐదు తేలిక పరీక్షలను ప్రచారంలోకి తెచ్చాడు. దీర్ఘశ్వాస తీసి వదులుతున్నప్పుడు గుండె వేగం మారుతున్నదా, పడుకున్న మనిషి లేచి నిలబడగానే రక్తపోటు ఎంత పడుతున్నది వంటివి అవి. మీ వైద్యుడిని ఈసారి చూడబోయినప్పుడు, పాదాలకు స్పర్శ సరిగా ఉన్నదా, పడుకుని నిలబడినప్పటి రక్తపోట్లలో తేడా ఉన్నదా అని రెండు ప్రశ్నలు అడగండి. పాదాల స్పర్శ పోయినవారు గుండె కూడా మూగబోయి ఉండవచ్చునన్న ఎరుకతో మెలగటం మంచిది.

చేయవలసినవి

నాడులు చెడకముందే కాపాడుకోవటం సాధ్యమేనా? సాధ్యమే. ఇన్సులిన్ వాడే 1,441 మంది రోగులతో అమెరికా, కెనడాలలో జరిపిన ప్రసిద్ధ పరిశోధన 1993లో ముగిసింది. చక్కెరను గట్టిగా అదుపులో ఉంచినవారిలో నాడుల జబ్బు 60 శాతం తగ్గింది. గుండె ధమనుల విషయంలో చక్కెర ఒక్కటే చాలదు. రక్తపోటు, కొవ్వు, పొగతాగుడు మూడింటినీ లొంగదీయాలి. 2004లో వెలువడ్డ 'కార్డ్స్' అనే పరీక్షలో, గుండెజబ్బు ఇంకా రాని మధుమేహ రోగులకు రోజూ 10 మిల్లీగ్రాముల అటార్వాస్టాటిన్ ఇస్తే పెద్ద హృదయ, రక్తనాళ ప్రమాదాలు 37 శాతం తగ్గాయి. నొప్పి లేదు గనుక మందు ఎందుకని మానేసేవారు ఈ అంకె గుర్తుంచుకోవాలి.

గండం ముంచుకొచ్చినప్పుడు చేయవలసినవి మూడు. మొదటిది, 108కు ఫోను చేయటం. 2005లో హైదరాబాదులో మొదలై ఎన్నో రాష్ట్రాలకు పాకిన సేవ ఇది. రోగి తానే స్కూటరు నడుపుకుంటూ వెళ్ళటం, మెట్లు దిగి వీధి చివరిదాకా నడవటం ప్రమాదం. రెండవది ఆస్పిరిన్. 1988లో వెలువడిన అంతర్జాతీయ పరిశోధనలో 17,187 మంది రోగులు పాల్గొన్నారు. ఆస్పిరిన్ మరణాలను ఐదు వారాలలో 23 శాతం తగ్గించింది. ఆ మందు సరిపడనివారు, కడుపులో పుండుగాని రక్తస్రావంగాని ఉన్నవారు, పక్షవాత లక్షణాలు కనిపిస్తున్నవారు తప్ప, తక్కినవారు 300 మిల్లీగ్రాముల మాత్రను నమిలి మింగవచ్చు. ఫోనులో వైద్య సిబ్బంది దొరికితే వారిని అడిగి వేసుకోవటం ఇంకా మంచిది. మూడవది అన్నిటికంటె తేలిక, అన్నిటికంటె మరుపున పడేది. ఆస్పత్రి గుమ్మంలో అడుగుపెట్టగానే, 'కడుపులో బాగాలేదు' అని మొదలుపెట్టకుండా, 'ఇన్నేళ్ళుగా షుగరు ఉన్నది, ఉన్నట్టుండి ఆయాసం వచ్చింది, గుండెపోటేమో చూడండి, ఇ.సి.జి. తీయండి' అని చెప్పటం. మొదటి ఇ.సి.జి. మామూలుగా ఉన్నంతమాత్రాన లేచి వచ్చేయకూడదు. కొన్ని గంటల వ్యవధిలో మళ్ళీ తీయాలి. గుండె కండరం దెబ్బతిన్నప్పుడు రక్తంలోకి వచ్చే ట్రోపోనిన్ అనే పదార్థానికి పరీక్ష చేయాలి. అడగటానికి సంకోచం అక్కరలేదు.

'రక్తపోటు' అన్న మాటలో కూడా పోటు ఉన్నది. అయినా రక్తపోటుకు నొప్పి ఉండదనీ, నొప్పి లేకపోయినా యంత్రంతో కొలిపించుకుని మందు వేసుకోవాలనీ మన జనం క్రమంగా నేర్చుకున్నారు. పల్లెటూరి వృద్ధులు సైతం, 'నాకు బి.పి. ఉందిట' అని చెప్పి మాత్ర వేసుకుంటున్నారు. ఒక మాటలోని పోటును పక్కకు పెట్టి రోగాన్ని అర్థం చేసుకున్నవాళ్ళం, రెండవ మాట విషయంలో మాత్రం ఎందుకు చేసుకోలేము?

మీ ఇంట్లో మధుమేహం ఉన్నవారెవరో మీకు తెలుసు. ఒక అట్టముక్కమీద వారి పేరు, వయసు, షుగరు వచ్చి ఎన్నేళ్ళయింది, వాడుతున్న మందులు, సరిపడని మందులు, దగ్గరలో ఇ.సి.జి. తీసే ఆస్పత్రి, 108 అంకె రాసి వంటింటి తలుపు వెనక అంటించండి. దాని కింద పెద్ద అక్షరాలతో ఇంకొక్క వాక్యం చేర్చండి: నొప్పి లేకపోయినా సరే, ఆయాసం, చెమట, నిస్సత్తువ ఉన్నట్టుండి వస్తే ఆగవద్దు. పది నిమిషాల పని. ఈ పత్రికను మూసేలోగా మొదలుపెట్టండి.